ఎర్ర అట్ట లేచాక

ఆ పొద్దున ఆకాశం ముసుగు తన్ని పడుకుంది. తెల్లవారి చాలాసేపయినా సూర్యుడి జాడ లేదు. మబ్బు ఇళ్ళ కప్పుల దాకా దిగి, పిండకుండా ఆరేసిన దుప్పటిలా వేలాడుతోంది. ఎదురు బేకరీ గొట్టంలోంచి వచ్చిన పొగ పైకి పోయే దారి లేక, గోడ వెంబడి జారి, తిండి దొరకని కుక్కలా వీధిలో తచ్చాడుతోంది.

నూనెమిల్లు సందు మొదట్లో నిలబడి కొంగ ఆ పొగనే చూస్తున్నాడు.

కొంగ అన్నది డిపార్టుమెంటు అతనికి పెట్టిన పేరు. పొడుగు మనిషి, కాస్త ముందుకు వంగిన మెడ. ఒక్కచోట నిలబడ్డాడంటే పక్కన పిడుగు పడ్డా కదలడు. పల్లెటూరి బడిలో చదువుకుని, మెల్లగా మెట్టుమెట్టూ ఎక్కి, హత్యల విభాగం దాకా వచ్చాడు. ముఖం మీద ఎవరూ ఆ పేరు పెట్టి పిలవరు. వెనక పిలుస్తారని అతనికి తెలుసు. కొంగంటే చెడ్డ పక్షేం కాదు, దాని చూపంతా నీళ్ళ మీదే ఉంటుంది అనుకుని ఊరుకున్నాడు.

"పొగకి వాంగ్మూలం తీసుకుంటున్నారా గురువుగారూ?"

వెనక నుంచి వచ్చింది గడియారం, ఇదీ డిపార్టుమెంటు పెట్టిన పేరే. ఇతనిదీ అదే హోదా, వయసులో పదేళ్ళు చిన్న. చేతికి వాచీ, దాని మీద ఎప్పుడూ కళ్ళు. చేతికొచ్చిన కేసు ఆరిన బట్టలా మడతపెట్టి బీరువాలో పెట్టేదాకా నిద్రపోడు.

"మొన్న కూడా ఇలాగే మబ్బుందా?" అన్నాడు కొంగ.

"ఉంది. అయితే మబ్బుని అరెస్టు చేద్దామా?" గడియారం నవ్వాడు. "చూడండి, ఇందులో ఏమీ లేదు. సందులో ఎవరో పారేసిన పాత పరుపులు అంటుకున్నాయి. పైన మేడ గదిలో పాత అంబులెన్సు డ్రైవరు. రిటైరయ్యాడు, ఒంటరివాడు, ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయి. పొగ కమ్మేసింది. అత్యవసర నంబరుకి ఫోన్ చేశాడు. అక్కడ కూర్చున్న పిల్ల మాట పూర్తికాకుండానే పెట్టేసింది. ఇతను పోయాడు. ప్రమాదం, దాని మీద నిర్లక్ష్యం. సాయంత్రం ఆ పిల్ల మీద కేసు రాస్తున్నాను. మీరొచ్చి నా కేసులో కాలు పెట్టడం మన పై ఆఫీసరు పెద్దాయన ముచ్చట. నాకేం అభ్యంతరం లేదు, సాయంత్రం దాకా."

"ఎక్కడ పడిపోయాడు?"

"తలుపు దగ్గర."

"తలుపు దాకా వచ్చినవాడు బయటికెందుకు రాలేదు?"

"ఊపిరి అందలేదు."

"ఫోనులో మాట్లాడ్డానికి అందింది కదా," అన్నాడు కొంగ, మెట్లెక్కుతూ.

ఇంటావిడ కింది వాటాలో ఉంటుంది. చీపురు చేతిలో పట్టుకునే ఎదురొచ్చింది. రెండు రోజులుగా ఊడుస్తున్నా మసి తరగడం లేదని ఆవిడ బాధ. మనిషి పోయిన బాధ కూడా లేకపోలేదు గానీ, అది మసి కింద పడి ఉంది.

"మంచివాడు బాబూ. దగ్గొకటే గోల. రాత్రంతా దగ్గుతుంటే గోడ నాకు జోలపాడినట్టే ఉండేది. ఇప్పుడు ఆ దగ్గు లేక నిద్ర పట్టట్లేదు."

"మంటప్పుడు మీరెక్కడున్నారమ్మా?"

"వీధిలో. బకెట్లు అందిస్తున్నా. మెట్ల మీదంతా పొగ, కళ్ళు తెరవడానికి లేదు. పైన ఆయనున్నాడయ్యా అని అరుస్తూనే ఉన్నా. మంటలాపే వాళ్ళు, పైన ఎవరూ లేరని మాకు చెప్పారమ్మా అని వాళ్ళ పని వాళ్ళు చూసుకున్నారు. ఇంతలో ఒకాయన ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని మెట్లెక్కాడు. మంట ఆరిపోయాక, పొగ సగం పలచబడ్డాక. దిగొచ్చి, పైన ఎవరూ లేరమ్మా, తలుపు దగ్గరగా వేసి ఉంది అన్నాడు. పొద్దున్నే టీకి పోతాడు కదా, పోయుంటాడనుకున్నా." ఆవిడ చీపురు గోడకి ఆనించింది. "చల్లగా ఉండు నాయనా అని దీవించాను కూడా."

"ఎవరాయన?"

"గుడ్డ కట్టుకున్నాడంటిని కదా. మర్యాదస్తుడు. గొంతు మాత్రం నెమ్మది. అంత గోలలోనూ అరవకుండా మాట్లాడింది ఆయనొక్కడే."

కొంగ మేడ గది తలుపు ముందు ఆగాడు. తలుపుకి ఎప్పుడో తెల్ల రంగు వేశారు. ఇప్పుడు దాని మీద మసి వెంట్రుక మందాన పట్టింది. బయటి వైపు ఇనుప గడియ ఉంది. తీసి ఉంది. కొంగ దాన్ని ముట్టుకోలేదు. మెడ ఇంకాస్త వంచి చూశాడు. ఎంతసేపు చూశాడంటే, గడియారం రెండుసార్లు వాచీ చూసుకున్నాడు.

"ఇంటి గడియలు మీ ఊళ్ళో ఉండవా గురువుగారూ?"

"మా ఊళ్ళో వంటింటి గోడకి గరిటెలు తగిలించేవాళ్ళు," అన్నాడు కొంగ. "కట్టెపొయ్యి. ఏడాదికోసారి సున్నం కొట్టడానికి గరిటె తీస్తే, గోడంతా నల్లగా ఉండి, గరిటె ఉన్నచోట మాత్రం గరిటె ఆకారంలో తెల్లగా ఉండేది."

"అయితే?"

"ఈ గడియ కొస చూడండి."

గడియ కమ్మీ అంతా నల్లగా ఉంది. కొసన మాత్రం బొటనవేలంత మేర ఇనుము మెరుస్తోంది.

"గడియ తీసి ఉన్నప్పుడు ఈ కొస బయటే ఉంటుంది. అప్పుడు దీనికే ముందు మసి పట్టాలి. పట్టలేదు. పొగ కమ్మినంతసేపూ ఈ కొస ఎక్కడో దాక్కుంది." కొంగ ద్వారబంధంలో ఉన్న కన్నం వైపు వేలు చూపించాడు. "అందులో. పొగ వచ్చినప్పుడు ఈ తలుపు బయటినుంచి గడియ పెట్టి ఉంది. పొగ పోయాక ఎవరో తీశారు."

గడియారం నవ్వు ముఖం మీదే ఉంది గానీ, లోపల మనిషి లేచి పోయినట్టుంది.

"ఎవరైనా చేత్తో తుడిచి ఉండొచ్చు."

"కొస వరకే, కంసాలి గీత గీసినట్టా?"

"సరే. గడియ సంగతి రాసుకుంటాను. అయినా ఆ పిల్ల ఫోను పెట్టేయకుండా ఉంటే ఇతను బతికేవాడు. గడియ ఎవడు పెట్టినా, ఫోను కట్ చేసిన వేలు ఆ పిల్లదే."

"అది నిజమే," అన్నాడు కొంగ. అతనికి ఆ మాట నచ్చలేదు. నిజం కావడం వల్ల మరీ నచ్చలేదు.

*

అత్యవసర కాల్స్ గదికి కిటికీలు లేవు. పన్నెండు సీట్లు, ఒక్కో సీటుకి రెండు తెరలు. వెనక జానెడెత్తు దిమ్మె మీద షిఫ్టు నడిపించే ఆవిడ కుర్చీ. యాభై దాటిన మనిషి, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. గదిలో అందరికీ పెద్దక్క. ఆవిడ గదిలో ఏ ఫోనూ మూడోసారి మోగదని పోలీసుల్లో సామెతలాగా చెప్పుకుంటారు.

కొంగ వచ్చి పక్కన నిలబడితే ఆవిడ కుర్చీ చూపించింది గానీ తల తిప్పలేదు. కళ్ళు గది మీదే.

"ఆరో సీటూ, ఆవిడని ఏడవనీ. ఇంటి నంబరు చెప్పాక ఏడవమను. తొమ్మిదీ, నువ్వు మంచినీళ్ళు తాగి రా, ఆ పసిబిడ్డ సంగతి ఫోను నేను తీసుకుంటాను." రెండు నిమిషాలు ఎవరో తండ్రికి బిడ్డని బోర్లా పట్టుకుని వీపు మీద ఎలా తట్టాలో చెప్పింది. అవతల ఏడుపు వినిపించాక, "ఆ ఏడుపే కావాలి బాబూ, ఏడవనివ్వండి," అని పెట్టేసింది. అప్పుడు కొంగ వైపు తిరిగింది.

"అడగండి."

"మొన్న పొద్దున్న."

ఆవిడ బల్ల పక్కనుంచి ఒక అట్ట తీసింది. పుస్తకమంత ఉంది, ఎర్ర కాగితం అంటించి ఉంది, అంచులు చేతులు పడి నలిగాయి.

"ఇది రూల్సులో లేదు. నేను పెట్టింది. ఒకసారి బస్సు బోల్తా పడితే, చూసినవాళ్ళంతా ఒకేసారి ఫోన్ చేశారు. అందరికీ అన్ని ప్రశ్నలూ అడుగుతూ కూర్చున్నాం. ఆ వరుసలో వెనకెక్కడో ఒక నిండు గర్భిణి భర్త ఎదురుచూస్తున్నాడు. మేం ఎత్తేసరికి ఆయన మాట్లాడ్డం మానేశాడు. ఆ తర్వాత ఈ అట్ట. ఒకే సంగతి మీద కాల్స్ ముసిరితే నేను దీన్ని ఎత్తుతాను. ఇది లేచి ఉన్నంతసేపూ, ఆ చోటునుంచి వచ్చిన కాలుకి రెండే మాటలు. 'ఆ సంగతి తెలిసిందండీ. బండి బయలుదేరింది.' పెట్టేసి తర్వాతి కాలు."

"మొన్న ఎత్తారు."

"ఎత్తాను. నూనెమిల్లు సందు మంట. బండి వెళ్ళింది, మనుషులెవరూ లేరని తెలిసింది, ఎత్తాను." ఆవిడ అట్టని బోర్లా పెట్టింది. "వీళ్ళు నా చెయ్యి చూసి పనిచేస్తారు. చేతిది తప్పయితే వేలిని నరకడమేమిటి? ఆ మాట పొద్దున మీ వాచీ ఆయనకి చెప్పాను. నా పేరు రాసుకోండి, పిల్లని వదలండి అని. అట్ట అనేది రూల్సులో లేదు గనక అది లేనట్టే అన్నాడు."

ఫోను కట్ చేసిన పిల్లని గదిలో పిచ్చుక అంటారు. గొంతు సన్నం, మనిషీ సన్నం. పక్క గదిలో కూర్చోబెట్టారు. ఏడ్చేదంతా ఏడ్చేసి ఉంది.

"ఏం విన్నావమ్మా?"

"నూనెమిల్లు సందు అన్నారు సార్. పొగ అన్నారు. దగ్గు. నేను, తెలిసిందండీ, బండి బయలుదేరింది అన్నాను. ఆయన తలుపు అన్నారు." పిచ్చుక తన కుడిచేతి వేలిని ఎడమచేత్తో పట్టుకుంది. "తలుపు అనేసరికి నా వేలు అప్పటికే నొక్కేసింది సార్. మాట విన్నాను. వేలు ఆగలేదు. ఇంకో అర క్షణం ఆగుంటే..."

"ఆగుంటే ఏం చేసేదానివి?"

"తలుపుకేమయిందండీ అని అడిగేదాన్ని."

కొంగ ఆ పిల్లకి ఏదైనా చెప్పాలనుకున్నాడు. అతనికి మాటలు అవసరమైనప్పుడు దొరకవు, అది చిన్నప్పటి జబ్బు. మంచినీళ్ళ గ్లాసు ఆ పిల్ల దగ్గరికి జరిపి లేచాడు.

మొన్నటి రికార్డింగులు వినడానికి చిన్న గది ఉంది. పెద్దక్క దిమ్మె మీద వేరే మనిషిని కూర్చోబెట్టి వచ్చింది. మంట మీద వచ్చిన కాల్స్ వరుసగా పెట్టారు.

జనం జనంలాగే మాట్లాడారు. "అయ్యో, మంటండీ బాబూ, మంట, తొందరగా రండి." ఎక్కడండీ అంటే, "ఇక్కడే, మా ఇంటి వెనక." ఒకాయన తన పేరూ, ఉద్యోగమూ చెప్పి, మంట సంగతి చెప్పకుండానే ఊపిరి తీసుకున్నాడు. ఒకావిడ, తను ఎన్నిసార్లు చెప్పినా ఆ పరుపులు తీయలేదని మొదలుపెట్టింది. ప్రతి కాలుకీ పెద్దక్క, "మళ్ళీ వెయ్యి," అంది. రెండోసారి విని తలూపింది. అదొక అలవాటు. మొదటిసారి మాట వింటారు, రెండోసారి మాట వెనకున్నది వింటారు.

డ్రైవరు చేసిన కాల్ ఆవిడ మూడుసార్లు వింది. "...తలుపు" దగ్గర ప్రతిసారీ కళ్ళు మూసుకుంది.

అన్నిటికంటే ముందొచ్చిన కాలు చివర్లో పెట్టారు.

"నూనెమిల్లు సందు, వెనక వైపు, రెండో కరెంటు స్తంభం దగ్గర. పాత పరుపులు అంటుకున్నాయి. మనుషులెవరూ లేరు. బండి బజారు మలుపు వైపు నుంచి రాకూడదు, ఇరుకు. స్టేషన్ వైపు నుంచి రావాలి." అంతే. ప్రశ్న అడిగేలోపు పెట్టేశాడు. నెమ్మది గొంతు.

యంత్రం టక్కున ఆగింది.

కొంగ ఎదురుచూశాడు. పెద్దక్క, "మళ్ళీ వెయ్యి," అనలేదు. చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి, దాని తీగని జాగ్రత్తగా చుట్టింది.

"అందరూ అయ్యో అన్నారు," అన్నాడు కొంగ. "ఇతను అనలేదు."

"అవును."

"ముందు చోటు. తర్వాత సంగతి. తర్వాత మనుషులు. ఆ తర్వాత దారి. మీరు మీ వాళ్ళకి నేర్పే వరుస అదే కదా?"

"అదే."

"జనం ఇలా చెప్పరు."

"చెప్పరు. చెప్పమన్నా చెప్పలేరు."

"మనుషులెవరూ లేరన్న మాట మీద మీరు అంబులెన్సు పంపలేదు. ఆ మాట మీదే అట్ట లేచింది. ఆ మాట వినబట్టే మంటలాపే వాళ్ళు పైకెక్కలేదు. మాట అన్నవాడు డ్రైవరుని గదిలో పెట్టి గడియ వేశాడు. డ్రైవరు ఫోను చేస్తాడని తెలుసు. చేసినా ఎవరూ వినరనీ తెలుసు." కొంగ ఎప్పుడూ ఇంత పొడుగు మాట మాట్లాడడు. ఆగి గొంతు సవరించుకున్నాడు. "ఎర్ర అట్ట ఒకటుందని ఈ గది బయట ఎవరికి తెలుసమ్మా?"

"ఎవరికీ తెలియదు."

"ఈ షిఫ్టులో చేసి వెళ్ళిపోయినవాళ్ళు?"

పెద్దక్క చుట్టిన తీగని బల్ల మీద పెట్టింది. "ఒకావిడ వేరే ఊరు వెళ్ళింది. ఒకాయన కాలం చేశాడు. ఇంకొకడు మానేశాడు."

"ఆ ఇంకొకడు?"

ఆవిడ గోడ మీది గడియారం చూసింది. ఉదయం షిఫ్టు దిగే వేళ అయింది. తలుపు అవతల రెండో షిఫ్టు వాళ్ళ చెప్పుల చప్పుడు వినిపిస్తోంది.

"మీరు ఇంకా భోంచేసి ఉండరు," అంది. "మా ఇంటికి రండి. ఇక్కడికి దగ్గరే. బజారు మలుపు దాటగానే."

*

గడియారం వరండాలో అడ్డం తగిలాడు. చేతిలో కాగితాలు, వెనక ఇద్దరు.

"ఎక్కడికి గురువుగారూ? విందా? ఇక్కడ నేను పిల్లని తీసుకెళ్ళబోతుంటే, మీరు ఆ పిల్ల పైఅధికారి ఇంట్లో భోజనానికా? దీన్ని పైవాళ్ళు ఏమనుకుంటారో తెలుసా?"

"సాయంత్రం దాకా అన్నారు."

"అన్నాను."

"సాయంత్రం ఇంకా కాలేదు."

"మీరు ఎప్పుడూ ఇంతే. నీళ్ళలో నిలబడి, నిలబడి... చేప దొరక్కపోతే?"

కొంగ పెద్దక్క వీపు వైపు చూశాడు. ఆవిడ మెట్లు దిగుతోంది, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి.

"దొరక్కపోతే బావుండునని ఉంది," అన్నాడు.

గడియారానికి ఈ జవాబు అర్థం కాలేదు. దారి మాత్రం ఇచ్చాడు.

దారిలో ఆవిడే చెప్పింది, అడగకుండానే. మానేసినవాడు తన తమ్ముడు. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు. తనే పెంచింది, తనే ఈ పనిలో పెట్టింది. గదిలో వాడంత నెమ్మదైన గొంతు ఇంకొకటి లేదు. మూడేళ్ళ కిందట వాడి భార్యకి ఉన్నట్టుండి గుండె పట్టేసింది. ఆమె చేసిన కాలు వాడి సీటుకే వచ్చింది. వాడే బండి పంపాడు. వాడే దారి చెప్పాడు. బండి బజారు మలుపులో ఇరుక్కుంది. ముందుకీ పోలేదు, వెనక్కీ పోలేదు. స్ట్రెచర్ భుజాన పెట్టుకుని నడిచి వచ్చేసరికి ఆలస్యమైంది.

"విచారణలో ఆ డ్రైవరు, బజారు వైపు నుంచే రమ్మని నాకు చెప్పారన్నాడు. డ్రైవర్లతో మాట్లాడే వైర్‌లెస్ అప్పట్లో రికార్డయ్యేది కాదు. నేను స్టేషన్ వైపే చెప్పానక్కా అని వీడన్నాడు." పెద్దక్క నడక ఆపింది. "కంగారులో నోరు జారి ఉంటావురా, తప్పు నీది కాదు, కంగారుది అన్నాను నేను. ఓదార్పు అనుకున్నాను. నమ్మలేదని వాడికి అర్థమైంది. మర్నాడు ఉద్యోగం మానేశాడు."

ఇద్దరూ బజారు మలుపు దాటారు. మబ్బు ఇంకా అలాగే ఉంది.

ఇల్లు చిన్నది, అద్దంలా ఉంది. వంటింట్లోంచి తాలింపు వాసన. తమ్ముడు భుజం మీద తువ్వాలుతో బయటికొచ్చాడు. ముందరి జుట్టు నెరిసింది. అక్కని చూశాడు, అక్క వెనకున్న మనిషిని చూశాడు.

"అతిథి ఉన్నారని చెప్తే ఇంకో కూర చేసేవాణ్ణి కదక్కా."

ఇంటావిడ చెప్పింది నిజమే. నెమ్మది గొంతు.

"ఏం పర్లేదు," అన్నాడు కొంగ, గుమ్మంలో బూట్లు విప్పుతూ. "మా జీపు డ్రైవరు వెనక వస్తున్నాడు. కాస్త ఆలస్యమవుతుంది. బజారు వైపు నుంచి రమ్మన్నాను."

"అటు నుంచి రాకూడదండీ, మలుపు ఇరుకు. స్టేషన్ వైపు నుంచి..."

ఆగిపోయాడు.

జీపు లేదు. కొంగ నడిచి వచ్చాడు. ఆ సంగతి పెద్దక్కకి తెలుసు. ఆవిడ గోడవైపు తిరిగి నిలబడింది.

వంటింట్లో కూర అడుగంటుతున్న వాసన మొదలైంది. తమ్ముడు లోపలికెళ్ళి పొయ్యి ఆపి, గిన్నె దించి, మళ్ళీ వచ్చాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"పోయిన వారం టీ కొట్టు దగ్గర ఆ డ్రైవరే వచ్చి నా పక్కన కూర్చున్నాడు," అన్నాడు. "ఎక్కువ రోజులు బతకనన్నాడు. నువ్వు స్టేషన్ వైపే చెప్పావయ్యా, నేనే వినిపించుకోలేదు, దగ్గర దారి అనుకున్నాను, ఉద్యోగం పోతుందని అబద్ధమాడాను అన్నాడు. చేతులు పట్టుకున్నాడు. క్షమించమన్నాడు."

తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"మూడేళ్ళండీ. నేనే నోరు జారానేమోనని నేనే అనుకోవడం మొదలుపెట్టాను. అక్క కూడా అనేసరికి, ఇక అదే నిజమనుకున్నాను. రాత్రుళ్ళు ఆ మాట నా నోట్లోంచి వచ్చినట్టు నాకే వినిపించేది. ఆయన ఒక్క టీ తాగి, మనసు తేలికైందయ్యా అని లేచి వెళ్ళిపోయాడు." తమ్ముడు అక్క వీపు వైపు చూశాడు. "చంపాలనుకోలేదు. పిలిస్తే పలికేవాళ్ళు లేకపోతే ఎలా ఉంటుందో ఆయనకి తెలియాలనుకున్నాను. కాసేపు. పరుపులు నేనే అంటించినా, మంటలు ఆపే బండినీ నేనే పిలిచాను కదా. పొగ గదిలోకి రాకుండా పైకి పోతుందనుకున్నాను. ఎప్పుడూ పైకే పోతుంది కదండీ. ఆ రోజు పోలేదు."

"గడియ తీయడానికి వెళ్ళారు," అన్నాడు కొంగ.

"వెళ్ళాను."

"తలుపు తోసి చూశారా?"

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. "దగ్గు వినపడలేదు. గడియ తీశాను. తలుపు తోయలేదు. కిందికొచ్చి ఎవరూ లేరన్నాను." గొంతు మొదటిసారి తడబడింది. "ఆ పెద్దావిడ నన్ను దీవించింది."

"ఆ పొద్దున షిఫ్టు దిగాక నేను ఆ కాలు విన్నాను," అంది పెద్దక్క, గోడకేసి చూస్తూనే. "ఒక్కసారే. రెండోసారి వేయించుకోలేదు. ఇంటికొచ్చాను. వీడు టీ పెట్టిచ్చాడు. తాగాను. నా పేరు రాసుకుని వదిలేస్తారేమో అనుకున్నాను. వాళ్ళు పిల్ల పేరు రాశారు."

"పిల్ల అంటే?" తమ్ముడు అడిగాడు. "ఎవరా సీట్లో?"

"కొత్తది. నువ్వు చూడలేదు. నీ సీటే."

అతను తువ్వాలు కుర్చీ మీద వేసి కూర్చున్నాడు. కూర్చోలేదు, కూలబడ్డాడు. "ఏం చేస్తున్నారు ఆ అమ్మాయిని?"

"సాయంత్రం తీసుకెళ్తారు."

"నేను వస్తాను," అన్నాడు కొంగతో. "ఇప్పుడే వస్తాను. ఆ అమ్మాయిది తప్పు కాదు. ఆ అట్ట లేస్తే ఎవరి వేలైనా అంతే. నాదైనా అంతే."

కొంగ బయటికొచ్చి గడియారానికి ఫోన్ చేశాడు. రెండు మాటలు చెప్పాడు, పిల్లని ఇంటికి పంపమనీ, గంటలో మనిషిని తీసుకొస్తున్నాననీ. "చేప దొరికిందన్నమాట," అన్నాడు గడియారం. ఎగతాళి లేదు అందులో. కొంగ ఫోను పెట్టేశాడు. పడమట మబ్బు కాస్త చీలి, ఒక చారెడు వెలుగు ఎదురింటి గోడ మీద పడింది. ఇళ్ళ కప్పుల మీదుగా కనిపిస్తున్న బేకరీ పొగ ఇప్పుడు నిటారుగా పైకి పోతోంది. మొన్న పోయి ఉండాల్సింది.

లోపలికొచ్చేసరికి మూడు పళ్ళేలు పెట్టి ఉన్నాయి. పెద్దక్క వడ్డిస్తోంది.

"అన్నం తిననివ్వండి," అంది. "తర్వాత తీసుకెళ్ళండి."

కొంగ కూర్చున్నాడు.

కూర అడుగంటింది. ఎవరూ ఆ మాట అనలేదు. పెద్దక్క తమ్ముడి పళ్ళెంలో రెండోసారి వడ్డించబోతే, అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ ఆ చెయ్యి పక్కకి తీసి వడ్డించింది. అతను తలొంచుకుని తిన్నాడు. చిన్నప్పుడు ఎలా తినేవాడో అలాగే తింటున్నాడేమో, ఆవిడ తన పళ్ళెం మరిచి చూస్తూ ఉంది. పక్క గదిలో ఎవరి ఫోనో మోగింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. ఆవిడ లేవలేదు. మోగి మోగి అదే ఆగింది.

కొంగ ఎప్పుడూ తొందరగా తింటాడు. ఉద్యోగం నేర్పిన తిండి. ఆ రోజు మాత్రం మెతుకు మెతుకూ ఏరుకుంటున్నట్టు తిన్నాడు. అయినా అతని పళ్ళెమే ముందు ఖాళీ అయింది. తను చెయ్యి కడుక్కుంటే భోజనం అయిపోయినట్టే.

ఆకలి ఎప్పుడో తీరింది. అయినా పళ్ళెం ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ అతని ముఖం చూసి, గరిటె నిండా వడ్డించింది.